ఉత్తరంలో కింది సగం

రాజగోపాలన్ ఆ మాట అన్నది తొంభై నాలుగులో, విరుదునగర్‌లో, అరవదేశంలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళ కల్యాణ మండపంలో, నలభైమంది పెద్దమనుషుల ముందు. నోరు జారి అన్నది కాదు. ఇంట్లోనే నూరి పెట్టుకుని వచ్చి అన్నాడు.

"అక్క కూతుర్ని చేసుకున్నానని అనుకుంటిని. కాదు, వెంకటసామి రక్తాన్ని చేసుకుంటిని. ఆ వంశమే పుచ్చిన విత్తనం. నాకొద్దు, తీసుకుపోండి."

ఆ వెంకటసామి అక్కడే నిలబడి ఉన్నాడు, పంచాయితీలో దోషి నిలబడే తీరున భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని. ఆయన చిన్నకూతురు కార్తీశ్వరిని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. పెద్దకూతురు సుధాలక్ష్మి చెల్లెలు పక్కకి ఒరిగిపోకుండా రెండు చేతులతోనూ పట్టుకుని ఉంది. చేతులు ఖాళీగా ఉంటే ఆ పూటే రాజగోపాలన్ మొహాన చెప్పు పడేది. ఆ సంగతి ఆమె తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

రాజగోపాలన్ వాళ్ళకి పరాయివాడు కాదు. ఆడపిల్లలిద్దరికీ సొంత మేనమామ, వాళ్ళమ్మ వెళ్ళైయమ్మాళ్‌కి ఒక్కగానొక్క తమ్ముడు. విరుదునగర్‌లో మిరప మండీ నడిపేవాడు. మావాళ్ళలో మేనమామకి మేనకోడల్ని ఇవ్వడం మామూలే కాబట్టి ఎనభై తొమ్మిదిలో కార్తిని ఇచ్చారు. ఏడాది తిరక్కుండా మారిసెల్వి పుట్టింది. బిడ్డకి మూడేళ్ళు వచ్చేదాకా అంతా బాగానే ఉంది. ఒకరోజు పొద్దున కార్తి ఎడమ కాలు మొద్దుబారింది. కుడి కంటికి పొగ కమ్మినట్టయింది. పది రోజులకి తగ్గింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. నాలుగోసారి వచ్చినప్పుడు మాత్రం నడక తిరిగి రాలేదు. వేపాకు మంత్రాలయ్యాయి, మదురైలో పెద్ద మిషన్‌లో పడుకోబెట్టి తల లోపల ఫొటోలు తీయడం అయింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు చెప్పారు, మందు మాత్రం చెప్పలేదు.

పేరు చెప్పినంతమాత్రాన మనుషులు ఊరుకుంటారా? ఎవరి వంశాన వచ్చిందని మొదలెట్టారు. మావాళ్ళకి ఒక నమ్మకం ఉంది. బిడ్డ రక్తమంతా తండ్రి ఇంటిదేనట, తల్లి మోసి పాలిచ్చి పెంచుతుందట, అంతే. ఆ ప్రకారం కార్తి రాజగోపాలన్ అక్క కడుపున పుట్టినా ఆయన రక్తం కాదు, వెంకటసామి రక్తం. దానికి తోడు వెంకటసామి మేనత్త ఒకామె కుంటుతూ నడిచేదని ఎవరో గుర్తు తెచ్చుకున్నారు. ఆమె చెట్టు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకుందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పంచాయితీకి పెద్దగా కూర్చున్న సంగిలి, అల్లుడి మాటలో న్యాయం ఉందన్నాడు. కార్తిని కోవిల్పట్టికి పంపేశారు. నాలుగేళ్ళ మారిని మాత్రం తమ ఇంటి రక్తమని విరుదునగర్‌లోనే ఉంచేసుకున్నారు. చూశారా తమాషా, తల్లి పుచ్చిన విత్తనమట, కూతురు మాత్రం వాళ్ళ బంగారమట.

ఆ ఏడు తిరక్కముందే రాజగోపాలన్ రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ నెలలోనే పుదూరులో సుధకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఎందుకని అడగడానికి వెంకటసామికి మొహం చెల్లలేదు. ఆ రోజునుంచి ఆయన పెళ్ళిళ్ళకి పోలేదు, చావులకి పోలేదు, టీకొట్టు దగ్గర కూడా ఎవరి పక్కనా కూర్చోలేదు. రెండేళ్ళు అలా బతికి పోయాడు. పోయేముందు, మా మేనత్త చెట్టుమీదినుంచి పడిందమ్మా అని సుధతో రెండుసార్లు చెప్పాడు. సుధ ఆ తువ్వాలు ఉతికి మడిచి పెట్టెలో దాచింది. రాజగోపాలన్ చేత ఆ మాట వెనక్కి మింగించకపోతే నేను నైనాకి పుట్టలేదని ఒట్టు పెట్టుకుంది. అప్పటినుంచి ఆయన్ని మామా అని పిలవడం కూడా మానేసింది.

ఒట్టయితే పెట్టుకుందిగానీ ఏం చేయగలదు? అగ్గిపెట్టెల కార్ఖానాలో చట్రాల్లో పుల్లలు పేర్చే ఆడది. పొద్దున్నే చెల్లెలికి ఒళ్ళు తుడిచి, తినిపించి, అమ్మకి అప్పగించి పనికి పోవాలి, మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి పక్క మార్చాలి, మళ్ళీ పోవాలి. పుల్ల పేర్చినప్పుడల్లా పళ్ళు నూరేది. మండపంలో ఆ మాట విన్న రోజునుంచి అలా ఏడేళ్ళు నూరింది.

రెండువేల ఒకటిలో మద్రాసునుంచి డాక్టర్ ఇసక్కిముత్తు వచ్చాడు. ఆయనది విళాత్తికుళం పక్క పల్లె, అందుకే మాట్లాడితే మనిషిలా ఉండేది. ఈ జబ్బు కొందరికే ఎందుకొస్తుందో వెతుకుతున్నామనీ, జబ్బున్నవాళ్ళ కుటుంబాల రక్తం కావాలనీ చెప్పాడు. మన ఒంట్లో తెల్లకణాలు కాపలా కుక్కల్లాంటివట. దొంగని కరవాల్సినవి ఇంటివాళ్ళనే కరవడం మొదలెడితే ఈ జబ్బు, నరాల మీది పొరని కొరికేస్తాయట. అవి మనవాళ్ళెవరో పైవాళ్ళెవరో పోల్చుకోవడానికి ఒంట్లో కొన్ని గుర్తులుంటాయి, ఆ గుర్తుల్లో ఒక రకం ఈ రోగుల్లో ఎక్కువగా కనబడుతోంది, అది మీ ఇంట్లో ఎవరెవరికి ఉందో చూస్తాం అన్నాడు.

తర్వాత ఒక కాగితం మీద వంశం గీశాడు. మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు. కార్తి సున్నానుంచి వెంకటసామి చదరానికి ఒక గీత, వెళ్ళైయమ్మాళ్ సున్నాకి ఒక గీత. సుధ ఆ రెండో గీత వంక వేలు చూపించి, ఇదెందుకు, రక్తం నైనాది కదా అని అడిగింది. సగం తండ్రిది సగం తల్లిది అన్నాడు డాక్టర్, ఇందులో వింతేముందన్నట్టు. వెళ్ళైయమ్మాళ్ గీత పైకి పోయి ఆమె తల్లిదండ్రుల్ని కలిసింది, అక్కడినుంచి ఇంకో గీత కిందికి దిగి రాజగోపాలన్ చదరాన్ని తాకింది. సుధ ఆ గీత వెంబడి వేలు పోనిచ్చింది. అంటే ఇది అమ్మవైపునుంచి కూడా వచ్చి ఉండొచ్చా? అమ్మవైపంటే ఆయన వైపే కదా? అడిగితే, రావచ్చు అన్నాడు డాక్టర్. ఆ రావచ్చు అన్న ఒక్క మాటకి ఏడేళ్ళ తర్వాత ఆమెకి ఆకలేసింది.

రాజగోపాలన్ రక్తం ఇవ్వడనుకుంది. అబ్బే, డాక్టర్ మారి రక్తం కోసం విరుదునగర్ పోతే, ఆయన మండీలో పదిమందీ చూస్తుండగా చొక్కా చెయ్యి తానే మడిచాడట. తీసుకోండి డాక్టర్, ఇది పాలలాంటి రక్తం, ఆ ఇంటి రక్తం పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది అన్నాడట. ఈ సంగతి సుధకి చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు. విని ఒళ్ళు మండిపోవాల్సింది, నవ్వొచ్చింది. కోవిల్పట్టిలో వెళ్ళైయమ్మాళ్, కార్తి, సుధ ఇచ్చారు, పుదూరునుంచి వెంకటసామి తమ్ముడు వచ్చి ఇచ్చాడు.

ఉత్తరం రెండువేల రెండు మార్చిలో వచ్చింది. అప్పటికి వెళ్ళైయమ్మాళ్ పోయి నాలుగు నెలలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారేగానీ ఆ ఇంట్లో చదువూ రాతా అంతా అరవంలోనే, డాక్టర్ కూడా అరవంలోనే చేత్తో రాశాడు. ఒకటే కాగితం, మధ్యకి మడిచి ఉంది. సుధ కార్ఖానా గేటు పక్కన నిలబడే చదివింది. మడతకి పైన ఫలితం. ఆ గుర్తు కార్తీశ్వరికి ఉంది. ఆమె తల్లికి ఉంది, అక్క సుధాలక్ష్మికి ఉంది, భర్త రాజగోపాలన్‌కి ఉంది. కూతురు మారిసెల్వికి తల్లినుంచీ తండ్రినుంచీ రెండు వైపులా వచ్చింది. వెంకటసామి వైపు జాడ లేదు, కార్తికి వచ్చింది తల్లి దగ్గరినుంచే. మడతకి కింద ఇంకో పది వరసలు, సంతకం. అవి కూడా చదివింది. రెండుసార్లు చదివింది.

ఇంటికి పరుగెత్తి చెల్లెలికి పై సగం గట్టిగా చదివి వినిపించింది. కార్తికి కంటిచూపు ఆనదు కాబట్టి ఏ కాగితమైనా అక్కే చదవాలి. నైనా తప్పేం లేదే కార్తీ, అంతా ఆ ఇంటినుంచే వచ్చింది, వింటున్నావా అంది. కార్తి వింది. మారికీనా అని ఒక్క మాట అడిగింది. మారికీ ఉందన్నాక ఇంకేమీ అడగలేదు. సుధ కింది సగం చదవబోయి ఆగింది. కార్తి మెత్తనిది. ఆ పది వరసలూ వింటే మారి చెవిన వేస్తుంది, మారి పోయి తండ్రి చెవిన వేస్తుంది. రేపు చూద్దాంలే అనుకుని కాగితం మడిచేసింది. చెల్లెలు మళ్ళీ అడగనందుకు సంతోషించింది కూడా.

మొదట అనుకున్నది ఇది కాదు. మళ్ళీ అదే మండపంలో, అదే సంగిలిని కూర్చోబెట్టి, అందరిముందూ కాగితం చదివి రాజగోపాలన్ తల దించేయాలనుకుంది. ఆలోచించేకొద్దీ అందులో పస లేదనిపించింది. పదిమందిలో చదివితే ఎవడో ఒకడు కాగితం మొత్తం చూపించమంటాడు, చూపిస్తే కింది సగం ఆయన్ని గట్టున పడేస్తుంది. పైగా సిగ్గు ఎన్నాళ్ళుంటుంది? ఒక నెల. భయమైతే ఇంట్లోనే కాపురం పెడుతుంది. ఆదివారం ఇంటి వాకిట్లో కూర్చుని, మడతని గోటితో గట్టిగా గీసి, కాగితాన్ని సరిగ్గా రెండుగా చించింది. కింది సగాన్ని నైనా తువ్వాల్లో పెట్టి చుట్టింది. పై సగం జాకెట్లో దోపుకుని సాత్తూరు మీదుగా పోయే బస్సెక్కింది.

మండీలో మిరప ఘాటుకి అందరూ దగ్గుతున్నారు, రాజగోపాలన్ తప్ప. ఎనిమిదేళ్ళ తర్వాత గుమ్మంలో సుధని చూసి డబ్బుకి వచ్చిందనుకున్నాడు. ఆమె లోపలి గదిలోకి రమ్మంది. కాగితం చేతికిచ్చింది. ఆయన నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాడు. అలాంటి మొహం చూడటానికి ఆమె ఎనిమిదేళ్ళు ఆగింది, తనివితీరా చూసింది.

"అంటే నాకూ వస్తుందా?" అన్నాడు.

అక్కడ ఒక్క మాట చెబితే సరిపోయేది. సుధకి ఆ మాట తెలుసు, నాలుక చివరే ఉంది.

"కార్తికి మొదట ఎడమ కాలు మొద్దుబారింది," అంది. "మీరు ఎడమ కాలు చూసుకుంటా ఉండండి."

నీకూ ఉంది కదా అని ఆయన కాగితంలో ఆమె పేరు చూపించబోయాడు. నాకుంటే ఏం, నేను పోగొట్టుకునేది మీరేం మిగిల్చారు అని లేచి వచ్చేసింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సాత్తూరులో కారసేవు పొట్లం కొనుక్కుని తనొక్కతే తింది. ఆమె జీవితంలో అంత హాయి ఆ తర్వాత కూడా కలగలేదు.

ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంకో డాక్టర్ దగ్గరికి పోయి ఉంటే ఒక్క గంటలో తేలిపోయేది. పోలేదు. పోలేడని సుధకి ముందే తెలుసు. నలభైమంది ముందు ఆ మాట అన్నవాడు ఈ కాగితం ఏ మొహంతో చూపిస్తాడు? కట్టుకున్న భార్యకి కూడా చూపించకుండా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. డాక్టర్ల దగ్గరికి పోయి కాలు తిమ్మిరెక్కుతోందని మాత్రం చెప్పేవాడు. వాళ్ళు చూసి ఏమీ లేదనేవారు. ఏమీ లేదంటే ఆయన నమ్మేవాడు కాదు, తిరునెల్వేలిలో ఇంకొకరి దగ్గరికి పోయేవాడు. పొద్దున లేవగానే గుండుసూదితో అరికాలు పొడుచుకుని చూసుకుంటాడట. వేడినీళ్ళలో పాదం పెట్టి చుర్రుమంటేనే స్నానానికి పోతాడట. మెట్లెక్కడం మానేశాడట. చేతికర్ర పట్టాడట. రెండో భార్యకి పుట్టిన పిల్లలు పరుగెత్తి పడితే గుండె పట్టుకుని కూర్చుంటాడట. ఇలాంటి కబురు వచ్చిన రోజు సుధకి అన్నం రుచిగా ఉండేది. పాపం అనేవాళ్ళుంటే అనండి. ఆమెకి మాత్రం కడుపు చల్లగా ఉండేది.

మారి ఏటా వేసవి సెలవుల్లో పది రోజులు తల్లి దగ్గరికి వచ్చేది. పొడుగ్గా, చురుగ్గా, తాత ముక్కుతో. చిన్నప్పుడు వస్తే తల్లి పక్కలో దూరి పడుకునేది. ఆ ఉత్తరం వచ్చాక కార్తి ఎందుకో మారిపోయింది. పిల్ల గుమ్మంలో అడుగు పెట్టగానే, వాకిలిదాకా నడిచి రా చూద్దాం అనేది. పిల్ల నడిచేది. ఇంకోసారి అనేది. మసకకళ్ళు చికిలించి ఆ పాదాలవంకే చూసేది. తర్వాత గోడవైపు తిరిగి పడుకునేది, ఎంత పలకరించినా తిరిగేది కాదు. నాలుగేళ్ళయ్యేసరికి, పిల్లని ఇక్కడికి పంపొద్దని చెప్పక్కా, నన్ను చూడటం దానికి మంచిది కాదు అనడం మొదలెట్టింది. తను నడవలేకపోతుంటే కూతురు నడవడం చూసి కడుపు తరుక్కుపోతోంది కాబోలు, సవతి చేతిలో పెరిగిన పిల్ల కాబట్టి దగ్గరికి తీయలేకపోతోంది అని సుధ సరిపెట్టుకుంది. ఆ పాపం కూడా రాజగోపాలన్ నెత్తినే రాసింది.

రెండువేల తొమ్మిదిలో మారికి పందొమ్మిదేళ్ళు. తూత్తుకుడి రేవులో పనిచేసే పాండీశ్వరన్ అనే కుర్రాడితో సంబంధం కుదిరింది. మంచి పిల్లాడు, మారికీ నచ్చాడు. తాంబూలాలు పుచ్చుకున్నారు. నెల రోజుల్లో పెళ్ళనగా రాజగోపాలన్ వద్దన్నాడు. ఈ రక్తం ఇంకో ఇంటికి పోకూడదు, కారణం అడగొద్దు అన్నాడట. కూతురు రెండు రోజులు తిండి మానేస్తే మూడో రోజు ఇనప్పెట్టె తెరిచి ఆమె చేతిలో కాగితం పెట్టాడు.

మారి ఆ కాగితం తీసుకుని మధ్యాహ్నం బస్సులో తిన్నగా కార్ఖానాకే వచ్చింది. సుధ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. పిల్ల ఏడవలేదు. కాగితం విప్పి కింది అంచు చూపించింది.

"పెద్దమ్మా, ఉత్తరమంటే కింద సంతకం ఉండాలి కదా? ఇందులో లేదు. మడత మీద చించినారు. మిగతాది ఎక్కడుండాది?"

మీ నాన్న అడగమన్నాడా అంది సుధ. నాన్నకి ఆ అనుమానం కూడా రాలేదు, నేనే అడుగుతున్నా, పెళ్ళి ఆగిపోయింది అంది మారి. సుధకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఏడేళ్ళూ రాజగోపాలన్‌కే తగులుతోందనుకున్న దెబ్బ వచ్చి ఈ పిల్లకి తగిలింది. ఇచ్చేయాలి, ఇవ్వక తప్పదు. అయితే ఇచ్చేస్తే ఆయన కూడా బయటపడిపోతాడు. అక్కడ నిలబడే ఆమె మనసు బేరం మొదలెట్టింది.

ఉందని చెప్పింది. అది చదివితే మీ పెళ్ళికి అడ్డేమీ లేదని కూడా చెప్పింది. కానీ ఊరికే ఇవ్వనంది. మీ నాన్న మా ఇంటికి రావాలి, పంచాయితీ చేసిన సంగిలిని వెంట తేవాలి, మీ అమ్మ ముందు నిలబడి, నైనాని అన్న మాట వెనక్కి తీసుకోవాలి, అప్పుడు ఇస్తానంది. మారి సరే పెద్దమ్మా అని బస్టాండుకి పోయింది.

ఆదివారం పొద్దున వచ్చారు. సంగిలి బాగా ముసలివాడయ్యాడు. రాజగోపాలన్‌కి యాభై దాటలేదుగానీ సంగిలి కంటే ముసలివాడిలా, చేతికర్ర మీద బరువంతా వేసి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. జబ్బు లేదు, గిబ్బు లేదు. సుధ చెప్పిన ఒక్క మాటకి ఆ కాలు ఏడేళ్ళుగా అలా ఈడుస్తున్నాడు. కార్తిని మంచం మీద దిండ్లు పెట్టి కూర్చోబెట్టి ఉన్నారు. పదిహేనేళ్ళ తర్వాత భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. బాగున్నారా మామా అంది కార్తి.

చెప్పండి అంది సుధ.

"వెంకటసామి బావ రక్తంలో ఏ తప్పూ లేదు," అన్నాడు రాజగోపాలన్, గోడమీది ఫొటోవంక చూస్తూ. "ఆ రోజు మండపంలో నేను చెప్పినది అబద్ధం. ఇది మా ఇంటినుంచి వచ్చినాది. బావ నన్ను మన్నించాలి."

సంగిలి తల వంచుకున్నాడు. తీర్పు చెప్పింది నేను, నాదీ తప్పే అన్నాడు. సుధకి కళ్ళు నిండాయి. నైనా విన్నావా అనుకుంది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో ఆమెకి ఆనందం పట్టలేదు. పెట్టె తెరిచి, తువ్వాలు మడత విప్పి, కింది సగం తీసి మారి చేతికిచ్చింది. తువ్వాలు తన భుజాన వేసుకుంది.

మారి నిలబడి చదివింది. డాక్టర్ ఇలా రాశాడు: ఈ భాగం జాగ్రత్తగా చదవండి, అందరికీ చదివి వినిపించండి. ఈ గుర్తు ఉండటం జబ్బు కాదు. మనవాళ్ళలో వందకి పదిమందికో ఇరవైమందికో ఇది ఉంటుంది, వాళ్ళలో వెయ్యికి ఒకరికి కూడా ఈ జబ్బు రాదు. ఇది ఒక్కటే చాలదు, మనకింకా తెలియని జన్యువులు ఎన్నో, చిన్నప్పటి జ్వరాలు, ఇంకా ఏవేవో కలిస్తేనే జబ్బవుతుంది. అవేమిటో మేమింకా వెతుకుతున్నాం. జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల్లో కూడా తల్లినుంచి బిడ్డకి వచ్చేది వందలో ఇద్దరికో ముగ్గురికో. రెండు వైపులనుంచీ గుర్తు వచ్చిందని మీ పాప గురించి భయపడకండి. చదివించండి, పెళ్ళి చేయండి. మీ ఊళ్ళో ఇంటింటా అగ్గిపెట్టె ఉంటుంది, ఇంటింటా నిప్పు అంటుకోదు కదా. ఎవరి వంశాన్నీ తప్పుపట్టకండి.

రాజగోపాలన్ ఇంకోసారి చదవమన్నాడు. మారి చదివింది. ఆయన చేతికర్రని గోడకి ఆనించబోయాడు, అది జారి కింద పడింది, తీసుకోలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరున ఏడ్చాడు. సుధ దానికి సిద్ధంగానే ఉంది. పోనీ, ఏడేళ్ళు అనుభవించాడు, చాలు అనుకుంది. ఆ మాత్రం దయ తనలో ఇంకా మిగిలినందుకు కాస్త గర్వపడింది కూడా.

అప్పుడు కార్తి అడిగింది, మారీ, ఆ ఉత్తరం మీద తేదీ ఏముందని. మారి తండ్రి దగ్గరి పై సగం తీసి చూసి చెప్పింది. రెండువేల రెండు, మార్చి పదకొండు.

కార్తి తల తిప్పింది. మసకకళ్ళతో అక్క ఉన్నవైపు చూసింది. గొంతు పెంచలేదు.

"ఇది నీకు ఆ రోజునుంచీ తెలుసునా అక్కా?"

సుధ నోరు తెరిచింది. నైనా కోసం అందామనుకుంది, ఆయనకి తెలిసిపోతుందని అందామనుకుంది.

"మారి వచ్చినప్పుడల్లా దాన్ని ఎందుకు నడిపిస్తా ఉంటినో ఎప్పుడైనా అడిగినావా? కాలు ఈడుస్తుందేమో అని చూస్తా ఉంటిని. ఇయ్యాల కాకుంటే రేపు నాలాగే పడిపోతుంది, దానికి ముందుగానే నన్ను చూపించి ఏడిపించేదెందుకని తోలేస్తా ఉంటిని. ఏడేళ్ళు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నీకూ ఉందంటివి ఆ గుర్తు. నువ్వు ఒక్క రోజు కూడా నీ కాలు చూసుకోలేదు. నాకప్పుడే తెలిసి ఉండాల్సింది."

రాజగోపాలన్ ఏడుపు ఆపి తలెత్తాడు. సుధ మంచం దగ్గరికి ఒక అడుగు వేసి చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది. కార్తి కదపగలిగేది ఆ ఒక్క చెయ్యే, దాన్ని దుప్పటి కిందికి లాక్కుంది.

"నువ్వు కాసేపు బయట ఉండక్కా," అంది.

సుధ బయటికి వచ్చింది. వాకిట్లో ఎండ చుర్రుమంటోంది. పదిహేనేళ్ళుగా కక్ష తీరిన రోజు ఎలా ఉంటుందో ఎన్నో రకాలుగా ఊహించుకుంది, ఇలా మాత్రం ఊహించుకోలేదు. భుజం మీది తువ్వాలు బరువుగా ఉంటే తీసి, ఏం చేయాలో తెలియక నడుముకు కట్టుకుని నిలబడింది. లోపల కార్తి కూతుర్ని పిలుస్తోంది, దగ్గరికి రా అమ్మా, నా పక్కన పడుకో అని.

ఈసారి నడవమని అనలేదు.